తొంభై రెండో పేరు

ఆ ఏడు మా బడిలో తొంభై రెండు మంది పిల్లలు. తొంభై ఒక్కరైతే లెక్కల మాస్టారి పోస్టు ఉండదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే నేను చేసిన పని ఎందుకు చేశానో అర్థమవుతుంది. సమర్థించుకోవడానికి చెప్పడం లేదు. సమర్థించుకోవడం నాకు బాగా వచ్చు, ముప్పై ఏళ్ల సర్వీసులో అన్నిటికంటే బాగా నేర్చుకున్నది అదే. అందుకే ఈసారి దాని జోలికి పోను.

నా పేరు హెలెన్. కొనకనమిట్ల అవతల బోడిమిట్ట జిల్లా పరిషత్ హైస్కూలుకు ఇన్‌చార్జి హెడ్మిస్ట్రెస్‌ని. ఇన్‌చార్జి అంటే అసలు హెడ్మాస్టరు వచ్చేదాకా అని అర్థం. ఆయన ఆరేళ్లుగా వస్తూనే ఉన్నాడు. ఈలోపల సోషల్ పాఠాలు చెప్తూ, మధ్యాహ్నం భోజనంలో గుడ్లు ఉడికాయో లేదో చూస్తూ, మరుగుదొడ్లకు రోజూ ఫొటోలు తీసి పైకి పంపుతూ నెట్టుకొస్తున్నాను. ఉండేది మార్కాపురంలో. పొద్దున్నే పొదిలి బస్సెక్కి రోడ్డు మీద దిగి, అక్కడి నుంచి ఆటోలో బడికి పోతాను.

యాసిర్ రాకముందు నాలుగేళ్లు మా బడికి లెక్కల టీచరు లేడు. పదో తరగతి పిల్లలు అన్నిట్లో గట్టెక్కి లెక్కల్లో పోయేవాళ్లు. తప్పిన మగపిల్లలు మేస్త్రీల వెంట పోయేవాళ్లు, ఆడపిల్లలకు ఆ ఎండాకాలంలోనే పెళ్లిళ్లయ్యేవి. యాసిర్ వచ్చిన మూడేళ్లలో లెక్కల్లో తప్పినవాళ్లు నలుగురే. ముప్పై ఏళ్లు దాటని కుర్రాడు, కంభం నుంచి రెండు బస్సులు మారి వస్తాడు. పిల్లల్ని బోర్డు దగ్గరికి పిలిచి ముందు తప్పు చేయనిస్తాడు. ఆ తప్పు తుడవనివ్వడు, దాని పక్కనే ఒప్పు చేయిస్తాడు. నేను చాలాసార్లు కిటికీ దగ్గర నిలబడి చూసేదాన్ని. నిజం చెప్పాలంటే కాస్త కుళ్లుకున్నాను కూడా.

ఆ ఏడు బళ్లు తెరిచిన మర్నాడే కాగితం వచ్చింది. జూన్ ఆఖరి రోజున ఆన్‌లైన్‌లో ఎంతమంది పిల్లలుంటే దాన్ని బట్టి ఏ బడికి ఎన్ని పోస్టులో తేలుస్తారట. ఎక్కువైన పోస్టును సర్‌ప్లస్ అంటారు. ఆ పోస్టునూ అందులో ఉన్న మనిషినీ తీసుకుపోయి ఇంకోచోట పెడతారు. మా ఆఫీసు పనంతా చూసే జూనియర్ అసిస్టెంటు బ్రహ్మం మూడుసార్లు లెక్కపెట్టి, “సరిగ్గా తొంభై రెండు మేడమ్. ఒక్కరు కదిల్నా యాసిర్ సార్ పోతాడు,” అన్నాడు. ఎవరు కదులుతారులే అనుకున్నాను.

జూన్ పదహారున కాటమరాజు వచ్చాడు, కూతురు సుస్మితను వెంటబెట్టుకుని. గొర్రెలు అమ్మేసి, అయిదేళ్లుగా భార్యతో కలిసి బెంగళూరులో అపార్ట్‌మెంట్ల పనికి పోతున్న మనిషి. పిల్ల ఇక్కడే వాళ్ల అవ్వ వెంకటసుబ్బులమ్మ దగ్గర ఉండి చదువుకునేది. ఆ అవ్వ ఏప్రిల్‌లో చనిపోయింది. సుస్మిత అప్పుడే పదో తరగతిలోకి వచ్చింది.

“ఆడపిల్లని ఒక్కదాన్నే ఇంట్లో ఇడిసిపెట్టి ఎట్ల పోయేది మేడమ్,” అన్నాడు కాటమరాజు. “మార్కాపురంలో బీసీ ఆడపిల్లల హాస్టలుండాది. వార్డెనమ్మని కనుక్కోని వచ్చినా. ముందు ఆ ఊళ్లో హైస్కూల్లో చేర్చి, అడ్మిషన్ నంబరు తెమ్మనింది. ఇరవై అయిదో తేదీ దాకనే తీసుకుంటారంట. మా మేస్త్రీ బండి ఇరవై ఏడుకు. మీరు టీసీ ఇచ్చినారంటే ఈ పూటే పోయి చేర్పిస్తా.”

“హాస్టల్లో సీటు దొరక్కపోతే?”

“ఇంకేముండాది, మాతో తీసకపోవడమే. ఆడ షెడ్లలో ఉంటాం. చదువు యాడ నుంచి వస్తది.”

సుస్మిత తండ్రి వెనకాల నిలబడి ఉంది. యాసిర్ ఆ పిల్ల మీద చాలా ఆశ పెట్టుకున్నాడు. ట్రిపుల్ ఐటీలో సీటు వచ్చే పిల్ల మా బడిలో ఎవరైనా ఉందంటే ఇదేనని నాతో రెండుసార్లు అన్నాడు. ఆ పిల్ల వీధిలో కనబడితే గుర్తుపట్టలేనంత నెమ్మది మనిషి. బోర్డు దగ్గరికి పిలిస్తే మాత్రం సుద్దముక్క అరిగిపోయేదాకా వదలదు.

“సర్వర్ పనిచేయడంలేదు కాటమరాజూ. గురువారం రా,” అన్నాను.

సర్వర్ శుభ్రంగా పనిచేస్తోంది. అబద్ధమాడే ముందు మనిషి ఎంతో కొంత తటపటాయిస్తాడని కథల్లో చదువుతాం. నేనేమీ తటపటాయించలేదు. ఆ మాట నా నోట్లో ఎప్పటి నుంచో తయారుగా ఉన్నట్టు వచ్చేసింది.

వాళ్లు పోయాక బ్రహ్మం తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. మంచివాడు, బడి అంటే ప్రాణం పెడతాడు. ఈ కథలో చెడ్డవాళ్లు లేరు, అదే నాకు మింగుడు పడదు.

“టీసీ కాగితం ఇచ్చేద్దాం మేడమ్. ఆన్‌లైన్లో మాత్రం పేరు ఇడిసిపెట్టొద్దు. ముప్పయ్యో తేదీ లెక్కయిపోయినంక ఇడిసిపెడదాం. పిల్ల ఆడ క్లాసులో కూచ్చుంటది, పేరు ఈడ ఉంటది. పది రోజుల పని. అందరూ చేసేదే గదా.”

అందరూ చేసేదే. ఏ బళ్లో అడిగినా చెప్తారు. వెనకటికి టీసీ అంటే ఆకుపచ్చ సిరాతో సంతకం, గుండ్రటి సీలు. అది చేతికొస్తే పిల్ల ఎక్కడైనా చేరిపోయేది. ఇప్పుడు మేము మా లాగిన్‌లో పేరు విడిచిపెడితే తప్ప ఇంకో బడి వాళ్ల లాగిన్‌లోకి అది ఎక్కదు. పేరు ఎక్కకపోతే అడ్మిషన్ నంబరు పుట్టదు. కాటమరాజుకు కాగితం గురించి తెలుసు, లాగిన్ గురించి తెలియదు. మేము దాని మీదే ఆధారపడ్డాం.

హాస్టల్ తేదీ ఇరవై అయిదు, మా లెక్క ముప్పై. ఈ రెండు తేదీల మధ్య అయిదు రోజులున్నాయని నాకు తెలుసు. తెలిసి కూడా, వార్డెన్లు ఆ మాత్రం సర్దుకుంటారులే, ఒక వారం ముందూ వెనకా చూసుకుంటారులే అని నాకు నేనే చెప్పుకున్నాను. నేను ప్రతిదానికీ ముందూ వెనకా చూసుకునే మనిషిని కాబట్టి లోకమంతా అట్లాగే ఉంటుందనుకున్నాను.

గురువారం, పంతొమ్మిదో తేదీన, టీసీ చేతికిచ్చాను. కాటమరాజు దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవరును ఇంకో కవర్లో పెట్టుకున్నాడు. సుస్మిత వంగి నా కాళ్లకు దణ్ణం పెట్టింది. వద్దని కూడా అనలేకపోయాను. ఆ పూట హాజరు తీసేటప్పుడు యాప్‌లో సుస్మిత పేరు దగ్గర హాజరు అని నొక్కాను. పదో తరగతికి క్లాస్ టీచర్నీ నేనే, కాబట్టి ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. యాసిర్‌కి కూడా చెప్పలేదు. వాడికి తెలిస్తే ఒప్పుకోడని నాకు తెలుసు.

మర్నాటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి.

“మేడమ్, ఆన్‌లైన్లో పేరు మీ బళ్లోనే ఉండాదంట. మీరు ఇడిసిపెడితేనే నంబరొస్తదంట.”

“పెట్టాను కాటమరాజూ. సర్వర్ నెమ్మదిగా ఉంది. రేపు కనబడుతుంది.”

శనివారం అదే మాట, సోమవారం అదే మాట. సోమవారం నాడు మాత్రం చివర్లో, “మీకు శ్రమ ఇస్తన్నా మేడమ్, ఏమనుకోబాకండి,” అన్నాడు. మంగళవారం ఫోను మోగుతుంటే టేబుల్ సొరుగులో పెట్టి సొరుగు మూసేశాను.

ఇరవై అయిదో తేదీ పొద్దున ఇంట్లో ఉండబట్టలేక హాస్టల్ దాకా పోయాను. గేటు లోపల మెట్ల మీద ఇద్దరూ కూర్చుని ఉన్నారు. పక్కన కొత్త రేకు పెట్టె, బకెట్టు, బకెట్లో చుట్టి పెట్టిన చాప. నన్ను చూడగానే కాటమరాజు లేచి నిలబడ్డాడు. మేడమే మన కోసం వచ్చిందని అతని మొహం వెలిగిపోయింది. సుస్మిత కూడా లేచి, నాకు దారి ఇవ్వడానికి పెట్టెను గోడ వైపు జరిపింది. ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

వార్డెన్ నా వయసు మనిషే. నేను ఒక వారం సీటు ఆపమని అడిగితే నవ్వింది. వరండాలో కూర్చున్న పిల్లల్ని చూపించింది, పదిహేను మంది దాకా ఉన్నారు. “మిగిలింది ఒక్క సీటు మేడమ్. ఆ పిల్ల మూడు రోజుల నుంచి పొద్దున వస్తాంది, సాయంత్రం పోతాంది. నాకూ పాపమనిపిస్తాంది. సాయంత్రం అయిదు దాకా ఎవరికీ రాయను. ఆ లోపల నంబరు తెప్పించండి. అది మీ చేతిలో పనే గదా,” అంది.

నా చేతిలో పనే. బస్సులో బోడిమిట్ట పోయేదాకా ఆ మాటే అనుకుంటూ పోయాను. బడికి పోయి బ్రహ్మాన్ని లాగిన్ తెరవమన్నాను. తెరిచాడు. సుస్మిత పేరు, ఫొటో, పక్కన విడిచిపెట్టే బటను. ఫొటో ఆరో తరగతిలో తీసింది, రెండు జడలతో ఉంది. అప్పుడు మధ్యాహ్నం పన్నెండున్నర.

“నొక్కమంటారా మేడమ్?”

నేను లేచి వరండాలోకి పోయాను. తొమ్మిదో తరగతిలో యాసిర్ పాఠం చెప్తున్నాడు. ఒక పిల్ల బోర్డు దగ్గర నిలబడి ఏదో తప్పు చేసింది. మిగతా అందరూ చేతులెత్తి నేనంటే నేనని అరుస్తున్నారు. లెక్కల క్లాసులో పిల్లలు చేతులెత్తడం, వాడు రాకముందు నాలుగేళ్లు మా బడిలో నేను చూడలేదు. వాళ్లు ఇరవై ఒక్క మంది. కింద ఎనిమిది, ఏడు, ఆరు తరగతులున్నాయి. ఇటు చూస్తే ఒక్క పిల్ల. అంకెల ప్రకారం చూస్తే ఇందులో ఆలోచించడానికేమీ లేదు, సోషల్ టీచర్ కూడా చేయగలిగిన లెక్కే. తిరిగి వచ్చి, “మూసెయ్ బ్రహ్మం,” అన్నాను. అతను మూసేశాడు. ఇద్దరం భోజనాల దగ్గరికి పోయి గుడ్లు చూశాం.

ఆ సాయంత్రం అయిదు గంటలకు ఎక్కడున్నానో గుర్తుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని వాచీ చూసుకుంటున్నాను.

ఇరవై ఏడున కాటమరాజు ఫోన్ చేశాడు. వెనకాల బండి చప్పుడు వినబడుతోంది. “సీటు ఇంకో పాపకి ఇచ్చినారంట మేడమ్. మాదే ఆలిస్యం. అవ్వ దినాలయినంకనే రావాల్సింది మేము. పిల్లని తీసకపోతన్నాం. మీరు చానా సాయం చేసినారు,” అన్నాడు. అక్కడేదన్నా బడి చూడమన్నాను. “ఆడంతా కన్నడమే గదా మేడమ్,” అన్నాడు. బండి కదులుతోందని చెప్పి ఫోన్ పెట్టేశాడు.

ముప్పయ్యో తేదీన మండలం నుంచి తనిఖీకి వచ్చిన ఆయన తలలు లెక్కపెట్టాడు. ముగ్గురు తక్కువొచ్చారు. ఇద్దరికి నిజంగానే జ్వరం, మూడో పేరు వాళ్లతో కలిపి చెప్పాను. ఆయనకు టీ ఇచ్చాం. తొంభై రెండు అని రాసి సంతకం పెట్టాడు. జూలై ఒకటిన పొద్దున్నే బ్రహ్మం సుస్మిత పేరు విడిచిపెట్టాడు. దాన్ని అందుకోవడానికి అటు వైపు ఏ బడీ లేదు.

మా లెక్కల పోస్టు మిగిలింది. ఆ కాగితం వచ్చిన రోజు బ్రహ్మం అందరికీ జిలేబీ పంచాడు. నేనూ తిన్నాను.

ఆ నెలలోనే టీచర్ల బదిలీలు మొదలయ్యాయి. ఒక రోజు మధ్యాహ్నం యాసిర్ నా గదిలోకి వచ్చి, కూర్చోకుండానే, “మేడమ్, నాకు కంభం దగ్గర వచ్చింది. శనివారం రిలీవ్ చేస్తారా,” అన్నాడు.

నాకు మొదట అర్థం కాలేదు. ఏమి వచ్చిందని అడిగాను.

“ట్రాన్స్‌ఫర్ మేడమ్. మా అమ్మకి డయాలసిస్ మొదలుపెట్టినారు, వారానికి రెండుసార్లు. ఈడ నుంచి నేను ఇంటికి పోయేసరికి రాత్రి అవుతాంది. ఏడాది నుంచే అనుకుంటున్నా, ఈసారి వస్తే పెట్టుకోవాలని.”

వాళ్లమ్మ ఖాతూన్బీని ఒకసారి చూశాను. రంజాన్‌కి మాకందరికీ సేమియా చేసి పంపిన మనిషి.

“ఒక్క మాట చెప్పలేదే యాసిర్,” అన్నాను.

“మీరు అడగలేదు మేడమ్,” అన్నాడు. తప్పుపట్టినట్టు అనలేదు, ఉన్నమాట అన్నాడు.

నేను అడగలేదు. బండెడు కాగితాలు చదివాను, తొంభై రెండు పేర్లు రోజూ లెక్కపెట్టాను. ఒక పిల్లను పది రోజులు లేనిచోట ఉన్నట్టు రాశాను. ఎవరి కోసం ఇదంతా చేశానో ఆ మనిషిని ఇక్కడ ఉంటావా అని అడగాలని తట్టలేదు. పోస్టు ఉంటే మనిషి ఉంటాడనుకున్నాను. ముప్పై ఏళ్లుగా ప్రభుత్వోద్యోగం చేస్తున్నదాన్ని, ఖాళీ పోస్టులో నేనే ఆరేళ్లుగా ఇన్‌చార్జిగా కూర్చున్నదాన్ని, నాకు ఆ తేడా తెలియకపోవడం ఏమిటి?

వాడిని తిట్టాలనుంది. ఏ నోటితో తిట్టను? శనివారం శాలువా కప్పి పంపించాం. తొమ్మిదో తరగతి పిల్లలు ఆటో వెంట రోడ్డు దాకా పరుగెత్తారు.

ఇప్పుడు మా రికార్డుల్లో లెక్కల పోస్టు ఉంది. దాని ఎదురుగా ఖాళీ అని ఉంది. పైవాళ్లను అడిగితే, పోస్టు ఉంది కదా, వచ్చే నియామకాల్లో చూద్దాం అంటారు.

ఆగస్టులో మండలం ఆఫీసు నుంచి ఇంకో జాబితా వచ్చింది. ఏ బడిలోనూ లేని పిల్లల జాబితా. మా బడి పేరు కింద ఒక్కటే పేరు. కారణం రాసి ఆ రోజే పంపమన్నారు. కారణాలు కూడా వాళ్లే ఇచ్చారు, వాటిలో ఒకటి ఎంచుకోవాలి: వలస, పెళ్లి, అనారోగ్యం, చదువు మీద ఆసక్తి లేకపోవడం. బ్రహ్మం నా వైపు చూడకుండా, “వలస పెట్టేదా మేడమ్?” అన్నాడు. ఉండమని చెప్పి కాటమరాజుకు ఫోన్ చేశాను. ఏం చెప్పాలని చేశానో నాకే తెలియదు. వచ్చి పరీక్ష రాయమని చెప్పాలనుకున్నానేమో, ఎక్కడ ఉండి రాస్తుందో ఆలోచించకుండానే.

కాటమరాజు సంతోషపడ్డాడు. “మా పాపని గుర్తుపెట్టుకోని చేసినారు మేడమ్,” అన్నాడు. వాళ్లమ్మకు తోడుగా ఇసుక అందిస్తోందట. “ఇంద, మాట్లాడమ్మా,” అని ఫోన్ ఇచ్చాడు.

“బాగుండారా మేడమ్,” అంది సుస్మిత.

బాగున్నానన్నాను. ఎట్లా ఉన్నావని అడిగాను. బాగున్నానంది. తండ్రి దగ్గర నుంచి కొంచెం దూరం జరిగినట్టుంది, చప్పుడు తగ్గింది.

“సుస్మితా, ఆ సర్వర్ అప్పుడు...” అన్నాను.

“నాకు తెలుసు మేడమ్,” అంది. “నేను బడికి పోకుంటే నాయన ఫోనుకి మెసేజొస్తది గదా. టీసీ తీసుకున్న రోజు రాలా. మర్నాడూ రాలా. రోజూ హాజరు వేస్తన్నారని అప్పుడే అర్థమయింది. నాయనకి చెప్పలా. చెప్తే మీ మీదకి గొడవకి వస్తాడని సర్వరే అని చెప్పినా.”

మూడు రోజులు ఆ మెట్ల మీద, ఆ పెట్టె పక్కన, అంతా తెలిసి కూర్చుంది. నేను వచ్చినప్పుడు పెట్టెను గోడ వైపు జరిపి దారి ఇచ్చింది.

“ఎందుకమ్మా చెప్పలేదు? నాతోనన్నా అనవచ్చు కదా.”

“తొంభై రెండు ఉండాలని క్లాసులో అందరికీ తెలుసు మేడమ్. ఒకరు తగ్గితే సార్ పోతాడని అనుకునేవాళ్లం.” ఆగింది. “సార్ ఉన్నాడు గదా మేడమ్?”

పక్క గదిలో పదో తరగతి. మూడో పీరియడ్, లెక్కల పీరియడ్. చెప్పేవాళ్లు లేక పిల్లలు బల్లలు బాదుతూ అరుచుకుంటున్నారు. నేను ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని లేచి పోయి తలుపు మూశాను.

“ఉన్నాడమ్మా,” అన్నాను.

“అయితే సరే మేడమ్,” అంది సుస్మిత. ఆ గొంతులో నిజంగానే సంతోషం ఉంది. ఎవరో పిలుస్తున్నారని చెప్పి, ఫోన్ వాళ్ల నాయనకు ఇచ్చి పోయింది.